పద్నాలుగు చుక్కల మొహం

ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉచితంగా సినిమా వేశారు. నిడివి పదిహేను సెకన్లు. పాటల్లేవు, మాటల్లేవు. సాయంత్రం ఏడూ నలభైకి ఒక మనిషి గేటు పక్కనున్న సైకిలు తీసుకుని, అత్తారింటి నుంచి వెళ్తున్న అల్లుడిలా నింపాదిగా నడిపించుకుంటూ బయటికి వెళ్లిపోతాడు. అంతే, శుభం. ఆ సైకిలు మా అమ్మాయిది.

ప్రేక్షకులం ఓ పన్నెండు మందిమి ఉంటాం. మౌసు సెక్రటరీగారి చేతిలో ఉంది. ''జూమ్ చెయ్యండి సార్'' అన్నారు మూడో అంతస్తాయన. చేశారు. ''ఇంకొంచెం'' అన్నారు ఇంకొకరు. ఇంకా చేశారు. మన సినిమాల్లో అయితే కంట్రోల్ రూములో కూర్చున్న కుర్రాడు కీబోర్డు మీద టకటకా నాలుగు మీటలు నొక్కగానే విలన్ మొహం, మెడ మీది పుట్టుమచ్చతో సహా తేలిపోతుంది. మా సెల్లార్‌లో జూమ్ చేసినకొద్దీ మొహం కాస్తా గళ్ల లుంగీలా తయారైంది. పైగా చీకటిపడితే ఆ కెమెరా నలుపు తెలుపుల్లోనే చూస్తుంది. చొక్కా రంగు కూడా తెలీదు. ఫుల్ హ్యాండ్స్ అని మాత్రం తెలిసింది.

''ఆ నడక చూడండి. వాచ్‌మన్ కొడుకే'' అన్నారెవరో. అన్నదెవరో నాకిప్పటికీ గుర్తు లేదు. కానీ ఆ మాట పడ్డాక మాత్రం అందరికీ ఆ గళ్లలో ఇంటర్ చదువుతున్న ఆ కుర్రాడే కనిపించాడు. సన్నగా ఉన్నాడు కదా, అవును. ఎత్తు సరిపోయింది కదా, అవును. సాయంత్రాలు ఫుల్ హ్యాండ్స్ చొక్కానే వేసుకుంటాడు కదా, అవునవును. అందరూ నావైపు చూశారు, సైకిలు పోయింది నాది కాబట్టి. నేను ఏమీ అనలేదు. తలూపాను.

వాచ్‌మన్ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత ట్రాలీ ఆటోలో సామాను వేసుకుని వెళ్లిపోయారు. వాళ్లావిడ వెళ్లేముందు మెట్లు కడిగి మరీ వెళ్లింది.

తర్వాతి వారం ఒక కొరియర్ విషయంలో తేడా వస్తే, అదెప్పుడొచ్చిందో చూద్దామని మళ్లీ రికార్డింగు పెట్టించాను. మా అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చుంది. రాత్రి ఎనిమిదింటి దగ్గర బొమ్మ కదులుతుండగా, ''నాన్నా, అదిగో! మళ్లీ వచ్చాడు!'' అని అరిచింది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, సన్నటి మనిషి, అదే గేటు, అదే నడక.

ఆ మనిషి నేనే. పెరుగు ప్యాకెట్ కోసం వెళ్తున్నాను.

కన్నకూతురే గుర్తుపట్టలేకపోయింది. మరి మేం పన్నెండు మందిమి ఆ రోజు ఏం చూసి గుర్తుపట్టినట్టు? ఆ ప్రశ్న బుర్ర తొలుస్తుంటే కోఠీ వెళ్లాను. గుజరాతీ గల్లీలో కెమెరాల దుకాణాలకు కొదవేముంది? ఒక చిన్న కొట్టు భాయ్‌కి ఫోన్‌లో మా సినిమా చూపించాను. ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. ''గేటు ఎంత దూరం ఉంది అన్నా?'' పన్నెండు మీటర్లు. ''లెన్సు ఎంత?'' తెలీదు. కెమెరా కొన్నప్పటి డబ్బా మీద ఉంటుందన్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ సెక్రటరీగారి అటక మీద నుంచి ఆ డబ్బా దింపించి చదివింది. 2.8 ఎంఎం.

''కెమెరా ఖరాబు లేదన్నా. నీ లెన్సే తప్పు'' అన్నాడు భాయ్.

విషయమేమిటంటే, మన ఇళ్లకీ కొట్లకీ పెట్టే కెమెరాల్లో ఎక్కువ భాగం ఫిక్స్‌డ్ లెన్సువి. అంటే దగ్గరికి, దూరానికి మార్చుకునే వీలుండదు. 2.8, 3.6, 6, 8 ఇలా నంబర్లతో వస్తాయి. నంబరు చిన్నదైతే ఎక్కువ మేర కనిపిస్తుంది. పెద్దదైతే తక్కువ మేరే, కానీ దగ్గరగా కనిపిస్తుంది. బిగించడానికి వచ్చే కుర్రాళ్లు సాధారణంగా 2.8 గానీ 3.6 గానీ తెచ్చి పెట్టేస్తారు. మనం కూడా టీవీలో చూసుకుని, ''అబ్బ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మొత్తం కనిపిస్తోందే!'' అని మురిసిపోయి డబ్బులిచ్చి పంపిస్తాం. మేమూ అలాగే మురిసిపోయాం.

ఇక్కడే ఉంది తిరకాసు. రెండు మెగాపిక్సెల్ కెమెరా బొమ్మలో అడ్డంగా ఉండేవి 1920 చుక్కలు. ఏ లెన్సు పెట్టినా అవే చుక్కలు. గరిటెడు పిండితో చిన్న అట్టు వేస్తే మందంగా వస్తుంది. అదే పిండిని పెనమంతా పరిచారంటే అవతలి వైపు కనిపించేంత పల్చగా వస్తుంది. లెన్సు చేసే పనీ అదే.

లెక్క కావాలంటే చాలా తేలిక. మా కెమెరాలో ఉన్న 1/3 అంగుళం రకం సెన్సరు వెడల్పు సుమారు 4.8 మిల్లీమీటర్లు. మీ గేటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ సంఖ్యని 4.8తో హెచ్చవేసి, లెన్సు నంబరుతో భాగించండి. అక్కడ ఎన్ని మీటర్ల వెడల్పు కనిపిస్తుందో వస్తుంది. మాకు పన్నెండు మీటర్ల దగ్గర ఇరవై మీటర్ల పైచిలుకు వచ్చింది. గేటు, రెండు వైపులా ప్రహరీ, ఎదురింటి వరండా, ఇస్త్రీ బండి, కరెంటు స్తంభం అన్నీ అందులోనే. 1920 చుక్కల్ని అన్నింటికీ పంచితే మీటరుకి 93 వచ్చాయి. మనిషి మొహం వెడల్పు పదిహేను సెంటీమీటర్లు అనుకుంటే, మొహం వాటాకి దక్కినవి పద్నాలుగు చుక్కలు!

ఈ నిఘా కెమెరాలకి అంతర్జాతీయంగా ఒక ప్రమాణం ఉంది. అక్కడ ఎవరో మనిషి ఉన్నాడని పసిగట్టాలంటే మీటరుకి పాతిక చుక్కలు చాలు. బాగా తెలిసిన మనిషిని 'ఫలానా' అని గుర్తుపట్టాలంటే 125 కావాలి. ముక్కూమొహం తెలియని వాణ్ని రేపు ఎదురుపడితే వీడేనని చెప్పాలంటే 250 ఉండాలి. మాకున్నవి 93. అంటే రోజూ చూసే వాచ్‌మన్ కొడుకునే కాదు, సెక్రటరీగారిని కూడా గట్టిగా చెప్పలేని పరిస్థితి. మేం ఆ వేళ సెల్లార్‌లో ఒక మనిషిని చూసిన మాట నిజం. మొహం మాత్రం మేమే అతికించాం.

ఇంట్లో కెమెరా పెట్టుకోవాలనే ఆలోచన ఎవరికొచ్చిందో తెలుసా? అమెరికాలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సుకి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండేది. వేళాపాళా లేని ఉద్యోగం, ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి రావడం, తలుపు తడితే ఎవరో తెలియకపోవడం... ఈ భయంతోనే ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ అయిన భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఒక ఏర్పాటు చేసుకుని, 1966లో పేటెంటుకి దరఖాస్తు చేసింది. 1969లో వచ్చింది. అందులో తలుపుకి పైనుంచి కిందికి నాలుగు కన్నాలుంటాయి. కెమెరా వాటి వెనక పైకీ కిందికీ జరుగుతుంది. పొడుగు మనిషి వస్తే పై కన్నం, పిల్లవాడొస్తే కింది కన్నం. ఆవిడకి వీధంతా చూడాలని లేదు. గుమ్మంలో నిలబడ్డ మొహం కనిపిస్తే చాలు. అరవై ఏళ్ల కింద ఆవిడకి తట్టింది, మా అసోసియేషన్‌లో ఇంతమందిమి ఉండి మాకు తట్టలేదు.

మళ్లీ మా గేటు దగ్గరికొద్దాం. కొత్త కెమెరా కొందామన్నారు సెక్రటరీగారు. దూరం దగ్గర మార్చుకునే వేరీఫోకల్ రకం అయితే ఇంకా మంచిదే కానీ ఖర్చెక్కువ. భాయ్ మాత్రం ''లెన్సొక్కటి మార్చు'' అని 8 ఎంఎంది చేతిలో పెట్టాడు. పెన్ను మూతంత ఉంది. మూడు వందల యాభై రూపాయలు. పన్నెండు మీటర్ల దగ్గర అది చూసేది ఏడు మీటర్ల పైచిలుకు మాత్రమే. మీటరుకి 266 చుక్కలు, మొహానికి నలభై. మా గేటు వెడల్పు నాలుగు మీటర్లు. అటూఇటూ ఇంకాస్త జాగా మిగులుతుంది.

అన్ని కెమెరాలకీ ఇది కుదరదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కొన్నింటిలో లెన్సుని కదలకుండా అతికించేస్తారు. వారంటీ ఉన్నవాటిని విప్పితే అది కాస్తా పోతుంది. మామూలు బుల్లెట్, డోమ్ రకాల్లో చాలావాటికి 12 మిల్లీమీటర్ల మర ఉన్న లెన్సు ఉంటుంది. ఎం12 అంటారు. సీసా మూతలా తిప్పి తీయొచ్చు, తిప్పి పెట్టొచ్చు. కొనేటప్పుడు మెగాపిక్సెల్ లెన్సేనా అని అడగండి. పాతకాలం కెమెరాల లెన్సులు మరకి సరిపోయినా బొమ్మ మసగ్గా ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం కరెంటు తీసేసి, నిచ్చెనేసి కెమెరా దింపాను. టీపాయ్ మీద మన పేపరే పరిచాను (వార్తలు చదవడం అయ్యాకే లెండి). ముందు మూత తిప్పితే ఊడొచ్చింది. లోపల చుట్టూ చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులు, మధ్యలో లెన్సు, దాని చుట్టూ ఒక రబ్బరు రింగు. ఆ రింగుని పనికిరానిదనుకుని పారేయకండి. అది లేకపోతే బల్బుల వెలుగు ముందు అద్దానికి తగిలి లెన్సులోకి తిరిగొస్తుంది, రాత్రి బొమ్మంతా పాలు ఒలికినట్టు ఉంటుంది.

లెన్సు ఒక పట్టాన తిరగలేదు. ఫ్యాక్టరీలో ఫోకస్ సరిచేశాక కదలకుండా మర మీద ఒక బొట్టు గమ్ము వేస్తారట. భాయ్‌కి ఫోన్ చేస్తే, ''వేడి తగలనియ్యి అన్నా, జబర్దస్తీ చెయ్యకు'' అన్నాడు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తీసుకున్నాను. ''తల ఆరబెట్టుకోమంటే ఏనాడూ ముట్టుకోలేదు గానీ...'' అంటూ ఇచ్చింది. రెండు నిమిషాలు వేడి తగిలేసరికి మెత్తబడి కదిలింది. పాతది తీసిన చోట కన్నం కనబడుతుంది. దాని వెనకే సెన్సరు. అక్కడ వేలు పెట్టకూడదు, ఊదకూడదు. నోటి తుంపర ఒక్కటి పడినా బొమ్మ మీద మచ్చలా మిగిలిపోతుంది. అందుకని కెమెరాని బోర్లించి, కొత్తది కింది నుంచి ఎక్కించాను.

అసలు ప్రహసనం ఫోకస్ దగ్గర మొదలైంది. ఒక పూర్తి చుట్టు తిప్పితే లెన్సు కదిలేది అర మిల్లీమీటరు. బొమ్మ స్పష్టంగా ఉండటానికీ అలుక్కుపోవడానికీ మధ్య తేడా అందులో పదోవంతు కూడా ఉండదు. నేను నిచ్చెన మీద. మా ఆవిడ గేటు దగ్గర పేపరు పట్టుకుని నిలబడింది. మా అమ్మాయి ఫోన్‌లో బొమ్మ చూస్తూ, ''హెడ్డింగు వచ్చింది... పోయింది... వచ్చింది, నాన్నా తిప్పకు!... అయ్యో, పోయింది'' అని కామెంటరీ. ఎదురింటావిడ వరండాలోకి వచ్చి ఏం జరుగుతోందో అర్థం కాక కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ముప్పావుగంటకి కుదిరింది. గేటు దగ్గర నిలబడ్డ మా ఆవిడ విసుగు మొహం, కనుబొమల ముడితో సహా స్పష్టంగా వచ్చింది.

చీకటి పడింది. బొమ్మ కూడా చీకటైపోయింది!

మర్నాడు కోఠీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. సోమవారం ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి పరుగెత్తాను. భాయ్ లెన్సు తిప్పి వెనకవైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ''తప్పు నాదే అన్నా. వెనక గాజు ఎర్రగా మెరుస్తోంది చూడు. ఫిల్టర్ ఉన్నది ఇచ్చేసిన'' అన్నాడు. రాత్రి కెమెరా చూసేది మన కంటికి కనబడని వెలుగుతో. పరారుణ కాంతి, అదే ఇన్‌ఫ్రారెడ్. టీవీ రిమోటు మీట నొక్కి పట్టుకుని దాని మూతిని ఫోన్ కెమెరాలోంచి చూడండి. చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క మెరుస్తుంది. అదే ఆ వెలుగు. పగలు అది లోపలికొస్తే రంగులు చెడిపోతాయని కెమెరాలోనే ఒక ఫిల్టర్ ఉంటుంది. పగలు అడ్డం వస్తుంది, చీకటి పడగానే టిక్కుమని పక్కకి జరుగుతుంది. మరి లెన్సుకే ఫిల్టర్ అతికించి ఉంటే అదెక్కడికి జరుగుతుంది? రాత్రి కూడా అడ్డంగానే ఉంటుంది. భాయ్ వేరేది ఇచ్చాడు. పైసా తీసుకోలేదు, చాయ్ కూడా తాగించాడు.

రెండోసారి ఫోకస్ మునిమాపు వేళ పెట్టాం. పరారుణ కాంతికి ఫోకస్ ఒకింత తేడాగా కుదురుతుంది కాబట్టి పగలు అద్దంలా ఉన్నది రాత్రి మసకబారొచ్చు. అందుకని రెండు వేళలా చూసుకుని మధ్యస్తంగా బిగించాలి. మూత పెట్టేటప్పుడు చుట్టూ ఉండే రబ్బరు వాషరు సరిగా కూర్చుందో లేదో చూశాను. ఎందుకైనా మంచిదని కొత్త చెప్పుల డబ్బాలో దొరికిన సిలికా జెల్ పొట్లం లోపల పెట్టాను. లేకపోతే మొదటి వానకే అద్దానికి ఆవిరి పడుతుంది. పనిలో పనిగా కెమెరాని పన్నెండడుగుల ఎత్తు నుంచి ఎనిమిదికి దించాం. అంత ఎత్తు నుంచయితే టోపీ పెట్టుకున్నవాడి టోపీయే కనబడుతుంది, మొహం కాదు. కెమెరా బల్బుల వెలుగు పన్నెండు మీటర్లకి పల్చబడుతోందని గేటు మీద తెల్ల బల్బు ఒకటి రాత్రంతా వెలిగేలా పెట్టించాం. అది లేకపోతే ఎంత మంచి లెన్సైనా కదిలే మనిషి అలుక్కుపోతాడు.

పోగొట్టుకున్నదీ ఉంది. ఇస్త్రీ బండి కనిపించదు. ప్రహరీ మూల దూకితే ఈ కెమెరాకి తెలీదు. పార్కింగు వైపు చూసే రెండో కెమెరాని మాత్రం వెడల్పు లెన్సుతోనే ఉంచేశాం. అక్కడ కావలసింది ఎవరొచ్చారన్నది కాదు, ఏం జరిగిందన్నది. ఇంకో లాభం మేం అనుకోనిది. ఎదురింటి వరండా బొమ్మలోంచి తప్పుకుంది. ఆవిడ ఇన్నాళ్లూ పొద్దున్నే తల దువ్వుకునేది కూడా మా రికార్డింగులో పడుతోందని ఆవిడకి తెలీదు. మేమూ చెప్పలేదు.

మా కథ ఒక్క అపార్ట్‌మెంట్‌ది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లోనే జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టి తీరాలని ప్రజా భద్రత చట్టం తెచ్చారు. తర్వాత తెలంగాణలో పోలీసులు 'నేను సైతం' పేరిట కాలనీవాళ్లతో, వ్యాపారులతో పెట్టించినవి కోకొల్లలు. ఎన్ని పెట్టామన్న లెక్క అందరి దగ్గరా ఉంటుంది. ఒకసారి మీ కెమెరా ముందు మీరే రాత్రిపూట నడిచి, ఆ బొమ్మని మీ పిల్లలకి చూపించి, 'ఎవరో చెప్పుకోండి' అని అడగండి.

మేం అదే చేశాం. కిందటి మీటింగులో ముందు నా పెరుగు ప్యాకెట్ సినిమా వేయించాను. ఎవరూ నన్ను పట్టుకోలేకపోయారు. ఇద్దరు 'వాచ్‌మన్ కొడుకు' అన్నారు కూడా. నేనని చెప్పేసరికి సెల్లార్‌లో కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత కొత్త లెన్సుతో తీసింది వేశాం. ముందురోజు రాత్రి గేటు తీసుకుని వస్తున్న సెక్రటరీగారు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లంతో సహా దొరికిపోయారు. బీపీ ఉందని వాళ్లావిడ నూనె వస్తువులు మాన్పించింది మరి. అందరూ నవ్వారు.

నవ్వులయ్యాక నేను వాచ్‌మన్ విషయం ఎత్తాను. ''మనం పొరబడ్డాం, పిలిచి చెబుదాం'' అన్నాను. సెక్రటరీగారు కళ్లజోడు తుడుచుకుంటూ, ''అతను అని చెప్పలేమన్నారు, బాగానే ఉంది. కాదని కూడా చెప్పలేం కదండీ'' అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. మినిట్స్ పుస్తకంలో లెన్సు ఖర్చు రాశారు. ఇదేమీ రాయలేదు.

ఆ రాత్రి నేనే ఫోన్ చేశాను. నిజాంపేట వైపు ఎక్కడో పని దొరికిందట. కొడుకు కాలేజీకి రెండు బస్సులు మారి వెళ్తున్నాడట. తప్పు మాదేనని చెప్పాను. పెరుగు ప్యాకెట్ సంగతి, లెన్సు మార్చిన సంగతి కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

''లెన్సు మార్చిన్రా సార్? అయితే ఇప్పుడు ఆ పాత వీడియో మంచిగ కనవడ్తది గద. మా పోరడు కాదని తెలుస్తది గద'' అన్నాడు.

అలా కనబడదని, తీసిన బొమ్మ తీసినట్టే ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. 

''అట్లనా సార్'' అన్నాడు. ఆ తర్వాత, ''పాపకు సైకిలు కొన్నరా మళ్ల?'' అని అడిగాడు.